సరుకు ఓడ ఎక్కకముందే అవతలి దేశాన్ని ఎందుకు అడుగుతారు?

మీ ప్రశ్నలో రెండు సంగతులు కలిసి ఉన్నాయి. హైదరాబాద్ శివార్లలోని మీ సంస్థ జలుబు మందుల్లో వాడే సూడోఎఫెడ్రిన్ అనే రసాయనాన్ని విదేశీ ఔషధ కంపెనీకి పంపదలచుకుంది. కొనుగోలుదారు పాతవాడే, ఇన్వాయిస్ సక్రమంగానే ఉంది, అయినా భారత ప్రభుత్వం ఆ దేశపు ప్రభుత్వాన్ని అడిగి తెలుసుకున్నాకే సరుకు కదలాలనడం ఎందుకని మొదట అడిగారు. ప్రపంచ దేశాలన్నీ ఒప్పందాల మీద సంతకాలు చేసి ఎన్నో దశాబ్దాలైనా మత్తుమందులు ఆగలేదు కనుక ఈ అంతర్జాతీయ సహకారమంతా కాగితాలకే పరిమితమా అన్నది మీ రెండో ప్రశ్న. ఎగుమతి కాగితాలను పరిశీలించే పనిలో చాలాకాలం ఉన్నవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ సహకారం చాలావరకు కాగితాలదే, అందులో దాపరికం లేదు. అయితే దాని బలం ఉన్నదీ ఆ కాగితాల్లోనే. మీ సరుకు గురించి వెళ్లే ఆ ఒక్క ప్రశ్న, దానికి వచ్చే జవాబు, మొత్తం ఏర్పాటులో అన్నిటికంటే ఎక్కువగా పనిచేసిన భాగాలు.

చరిత్రను క్లుప్తంగా ముగిస్తాను. 1909లో షాంఘైలో 13 దేశాలు నల్లమందు గురించి సమావేశమయ్యాయి; 1912లో హేగ్‌లో మొదటి ఒప్పందం కుదిరింది. ఇప్పుడు అమలులో ఉన్నవి మూడు: నల్లమందు, కోకా, గంజాయి, వాటి నుంచి వచ్చే పదార్థాల మీద 1961 నాటి ఒప్పందం, మానసిక స్థితిని మార్చే మందుల మీద 1971 నాటి ఒప్పందం, అక్రమ రవాణా మీద 1988 డిసెంబరులో వియన్నాలో ఆమోదించిన ఒప్పందం. మూడో దానిలో భారత్ 1990లో చేరింది. ఐక్యరాజ్యసమితికి మాదకద్రవ్యాల పోలీసులు ఉంటారని చాలామంది అనుకుంటారు కానీ అలాంటి దళం ఏదీ లేదు. వియన్నాలో 53 దేశాల సభ్యత్వం గల మాదకద్రవ్యాల కమిషన్ ఏ పదార్థం ఏ జాబితాలో ఉండాలో ఓటు వేసి నిర్ణయిస్తుంది. 13 మంది సభ్యులున్న అంతర్జాతీయ మాదకద్రవ్యాల నియంత్రణ మండలి లెక్కలు చూస్తుంది, అడుగుతుంది, నివేదిస్తుంది. అరెస్టు చేయడం, శిక్షించడం, లైసెన్సు ఇవ్వడం వంటివన్నీ ఆయా దేశాల చట్టాల కిందే జరగాలి. మన దేశంలో అందుకు ఆధారం మాదకద్రవ్యాలు, మానసిక స్థితిని మార్చే మందుల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం. ఆ మరుసటి ఏడాది నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో ఏర్పడింది.

ఈ ఏర్పాటులో నిస్సందేహంగా విజయం అనదగినది ఒకటుంది, అది వార్తల్లోకి రాదు. ప్రతి దేశమూ తనకు ఏడాదికి ఎంత మార్ఫిన్, ఎంత కోడీన్ వైద్యానికి అవసరమో నియంత్రణ మండలికి అంచనా పంపాలి. ఆ అంచనాకు మించి ఎవరూ ఆ దేశానికి ఎగుమతి చేయరాదు. ప్రతి సరుకుకూ దిగుమతి దేశం అనుమతి పత్రం ఉండాలి. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో యూరప్ కర్మాగారాల నుంచి చట్టబద్ధంగా బయలుదేరిన మార్ఫిన్, హెరాయిన్ మార్గమధ్యంలో అక్రమ వ్యాపారంలోకి జారిపోయేవి. అంచనాల పద్ధతి నిలదొక్కుకున్నాక దేశాల మధ్య చట్టబద్ధ వ్యాపారం నుంచి అలా జారిపోవడం చాలా అరుదైపోయింది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు లైసెన్సు మీద గసగసాల పంట వేసి ఇచ్చే నల్లమందు నీమచ్, గాజీపూర్ కర్మాగారాలకు చేరి, అక్కడి నుంచి ఔషధాలకు, ఎగుమతికి వెళ్లేది ఈ పద్ధతి కిందే. దీనికి చెల్లించిన మూల్యమూ ఉంది: పేద దేశాల్లో క్యాన్సర్ రోగికి మార్ఫిన్ దొరకడం గగనమైంది. మన చట్టం కఠినత్వం వల్ల ఆసుపత్రులే ఆ మందు జోలికి వెళ్లడానికి జంకాయి. 2014 సవరణ తర్వాతే ఆ ముడి కొంత సడలింది.

ఇక మీ సరుకు సంగతి. 1988 ఒప్పందం 12వ అధికరణం మత్తుమందుల కంటే ముందు దశను పట్టుకోవాలని చూసింది. గసగసాల పాలు హెరాయిన్ కావాలంటే అసిటిక్ అన్‌హైడ్రైడ్ కావాలి; మెథాంఫెటమిన్ అనే మత్తుమందుకు ఎఫెడ్రిన్, సూడోఎఫెడ్రిన్ వంటివి కావాలి. పొలాలు కొండల్లో ఉంటాయి, ఎవరి ఆధీనంలో ఉంటాయో చెప్పలేం; రసాయనాలు మాత్రం నమోదైన కర్మాగారాల్లో తయారై, రేవుల గుండా, బిల్లులతో ప్రయాణిస్తాయి. కాబట్టి పట్టుకోవడం అక్కడే సులువన్నది ఆ ఆలోచన. ఈ రంగంలో వీటిని ప్రికర్సర్లు అంటారు. చిక్కేమిటంటే ఇవి నిషిద్ధ వస్తువులు కావు. అసిటిక్ అన్‌హైడ్రైడ్ లేకుండా ఆస్పిరిన్ లేదు; సూడోఎఫెడ్రిన్ జలుబు మాత్రల్లో ఉంటుంది. జీడిమెట్ల నుంచి పరవాడ వరకు మన రెండు రాష్ట్రాల బల్క్ డ్రగ్ పరిశ్రమకు ఇలాంటివి రోజువారీ సరుకు. నిషేధిస్తే వైద్యం ఆగుతుంది, వదిలేస్తే మత్తు పెరుగుతుంది. మధ్యేమార్గంగా మిగిలింది, కొనేవాడు నిజంగా ఉన్నాడా, నిజంగా ఆ పనికే కొంటున్నాడా అని ప్రతిసారీ అడగడం.

ఆ అడగడాన్నే ఎగుమతి ముందస్తు సమాచారం అంటారు. ఒప్పందంలో ఒక నిబంధన ప్రకారం, తనకు ముందుగా తెలియజేయాలని కోరిన ఏ దేశానికైనా, సరుకు బయలుదేరేలోపే ఎగుమతి చేసే దేశం వివరాలు పంపాలి: పంపేది ఎవరు, అందుకునేది ఎవరు, పదార్థమేమిటి, ఎంత, ఏ రేవు నుంచి, ఎప్పుడు. అలా కోరిన దేశాలు ఇప్పుడు వందకు పైగా ఉన్నాయి. మొదట్లో ఇది ఫ్యాక్సుల మీద నడిచేది. ఫ్యాక్సు ఏ బల్ల మీద పడిందో ఎవరికీ తెలిసేది కాదు. 2006లో నియంత్రణ మండలి పెన్ ఆన్‌లైన్ అనే వ్యవస్థను తెచ్చాక, ఒక దేశం అధికారి నమోదు చేసిన వివరాలు అవతలి దేశం అధికారి తెరమీద వెంటనే కనిపిస్తున్నాయి. ఆయన చేయవలసింది మామూలు పరిశీలనే: ఆ కంపెనీ తన పుస్తకాల్లో ఉందా, దాని లైసెన్సు బతికుందా, నిరుడు ఎంత కొన్నది, ఈసారి అంత అవసరమేమిటి. అనుమానం వస్తే ఆపమంటాడు, లేదంటే విడవమంటాడు. మన దేశంలో ఈ సంభాషణ నడిపేది, దాని ఆధారంగా అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌వోసీ) ఇచ్చేది గ్వాలియర్ కేంద్రంగా పనిచేసే సెంట్రల్ బ్యూరో ఆఫ్ నార్కోటిక్స్.

మీ కొనుగోలుదారు పాతవాడే కావచ్చు. కానీ ఈ రంగంలో మోసం ఎక్కువగా కొత్తపేరుతో రాదు, పాత పేరును ఎవరో వాడుకోవడం ద్వారానే వస్తుంది. పేరున్న ఔషధ సంస్థ లెటర్‌హెడ్‌ను ఎవరో ముద్రిస్తారు, ఆ సంస్థకు తెలియకుండానే దాని పేరున ఆర్డరు పుడుతుంది, చిరునామాలో గోదాము సంఖ్య మాత్రం వేరే ఉంటుంది. ఈ తేడాను ఎగుమతిదారు హైదరాబాద్‌లో కూర్చుని కనిపెట్టలేడు; అక్కడి అధికారి ఒక్క ఫోన్‌తో తేల్చగలడు. 1990ల చివరలో దేశాలు కలిసి ఒక్కొక్క రసాయనం మీద నిఘా పెట్టాయి: కొకైన్ తయారీకి వాడే పొటాషియం పర్మాంగనేట్ మీద 1999లో ఆపరేషన్ పర్పుల్, ఆ వెంటనే అసిటిక్ అన్‌హైడ్రైడ్ మీద ఆపరేషన్ టొపాజ్. తుపాకులు, హెలికాప్టర్లు ఉన్న ఆపరేషన్లు కావివి, ప్రతి పెద్ద సరుకును మొదటి నుంచి చివరిదాకా కాగితం మీద వెంబడించడమే. 2001లో ఈ రెండు రసాయనాలనూ ఒప్పందం రెండో పట్టిక నుంచి కఠినమైన మొదటి పట్టికలోకి మార్చారు.

ఇంతవరకు చెప్పినది చదివి ఇది పకడ్బందీగా ఉందనుకోవద్దు. దీనికి రెండు పెద్ద కంతలున్నాయి, రెండూ నాకు తెలిసి ఎవరూ సరిగా పూడ్చలేనివి.

మొదటిది: ముందస్తు సమాచారం సరిహద్దు దాటే సరుకుకే వర్తిస్తుంది. దేశంలోపలే కొని, లోపలే పక్కదారి పట్టించి, ఆ తర్వాత దొంగదారిన సరిహద్దు దాటిస్తే ఆ వ్యవస్థకు ఏమీ కనిపించదు. యూరోపియన్ యూనియన్ లోపలి వ్యాపారం నుంచి అసిటిక్ అన్‌హైడ్రైడ్ ఇలా జారిన ఉదంతాలు ఉన్నాయి. మన దేశంలో లోపలి అమ్మకాలకు 2013 నాటి నియంత్రిత పదార్థాల ఉత్తర్వు ఉంది. అమ్మేవాడు, కొనేవాడు నమోదు చేసుకోవాలి, లెక్కలు పంపాలి, ఉల్లంఘిస్తే ఎన్‌డీపీఎస్ చట్టం 25ఏ సెక్షను కింద పదేళ్ల వరకు కఠిన కారాగారం పడుతుంది. అయినా ఏ అంతర్జాతీయ ఒప్పందమూ ఒక పారిశ్రామికవాడలో మూతపడిన యూనిట్‌ను అద్దెకు తీసుకుని రాత్రిపూట రియాక్టర్ నడిపేవాణ్ని పట్టుకోలేదు. తెలంగాణ పల్లెల్లో కల్లులో కలిపే ఆల్ప్రజోలం ఇందుకు ఉదాహరణ: అది 1971 ఒప్పందం జాబితాలోని మందే అయినా, తయారీ మన ఊళ్లలోనే, వాడకం మన ఊళ్లలోనే. దాన్ని ఆపవలసింది వియన్నా కాదు, ఇక్కడి ఎక్సైజ్, ఔషధ నియంత్రణ, పోలీసు శాఖలు.

రెండో కంత జాబితా స్వభావంలోనే ఉంది. 1988లో పట్టికల్లో పెట్టినవి 12 రసాయనాలు. ఒకదాన్ని జాబితాలో చేర్చగానే, దానికి ఒక మెట్టు వెనకున్న, ఇంకా పేరెక్కని మరో రసాయనంతో పని మొదలవుతుంది. దాన్నీ చేర్చేసరికి ఇంకొకటి వస్తుంది. ప్రతి చేర్పుకూ ప్రతిపాదన, పరిశీలన, ఓటు, ఆపై ప్రతి దేశంలో గెజిట్ ప్రకటన కావాలి. రసాయనవేత్తకు అన్ని నెలలు పట్టవు. నొప్పి మందుగా పుట్టి ప్రాణాంతకమైన మత్తుగా మారిన ఫెంటనిల్ విషయంలో ఇది స్పష్టంగా కనిపించింది. దాని తయారీలో వాడే రెండు ముఖ్య రసాయనాలను 2017లో మొదటి పట్టికలో చేర్చారు. మరో మూడింటిని 2022లో చేర్చవలసి వచ్చింది. 2024లో ఇంకో రెండు పట్టికల్లోకి వచ్చాయి. ఈలోగా చైనా 2019 మే 1 నుంచి ఫెంటనిల్ కుటుంబాన్ని మొత్తంగా నియంత్రణలోకి తెచ్చింది. అది మంచి నిర్ణయమే; కానీ తయారైన ఫెంటనిల్ నేరుగా పార్సిళ్లలో అమెరికాకు వెళ్లడం తగ్గి, ముడి రసాయనాలు మెక్సికోకు వెళ్లి అక్కడ తయారవడం పెరిగింది. 2024లో కమిషన్ కొన్ని రసాయనాలను ఒక్కొక్కటిగా కాక, ఒకే తీరున్నవాటిని కలిపి కుటుంబాలుగా చేర్చడం ఈ పరుగుపందెంలో కొంత తెలివైన అడుగు అని నా ఉద్దేశం.

ఇది మనకు దూరపు సంగతి కాదు. 2025లో కొన్ని భారతీయ రసాయన సంస్థల మీద అమెరికాలో ఫెంటనిల్ ముడి రసాయనాల విషయమై అభియోగాలు నమోదయ్యాయి. వాటిలో హైదరాబాద్‌కు చెందినదీ ఉంది. అభియోగం రుజువు కాదు, అది గుర్తుంచుకోవాలి. అయితే మీలాంటి ఎగుమతిదారులు దాన్నుంచి గ్రహించవలసిందొకటుంది: ఇక్కడి కాగితం సరిగా లేకపోతే కేసు ఇక్కడే పుట్టాలన్న నియమమేమీ లేదు.

జాబితాలో లేని మందుల సంగతి ఇంకా ఇబ్బందికరమైనది. ట్రమడాల్ నొప్పి మందు. ఏ అంతర్జాతీయ పట్టికలోనూ లేదు. అందుకే భారత్ నుంచి పశ్చిమ ఆఫ్రికాకు మాత్రలుగా వెళ్లి నైజీరియా, ఘనా వంటి దేశాల్లో మత్తుగా మారినా చాలాకాలం దాన్ని ఆపే అంతర్జాతీయ నిబంధన లేకపోయింది. 2018లో భారత్ తనంతట తానే దాన్ని ఎన్‌డీపీఎస్ పరిధిలోకి తెచ్చింది. ఆ ఖాళీలోకి టపెంటడాల్ అనే మరో నొప్పి మందు వచ్చింది. 2025 ఫిబ్రవరిలో టపెంటడాల్, కండరాలను సడలించే కారిసోప్రొడాల్ కలిపిన మాత్రల తయారీ, ఎగుమతి అనుమతులను ఉపసంహరించాలని ఔషధ నియంత్రణ అధికారులు ఆదేశించారు. కెటమిన్‌ది మరో కథ: చైనా దాన్ని అంతర్జాతీయ జాబితాలో చేర్చాలని కోరింది, పేద దేశాల ఆపరేషన్ థియేటర్లలో మత్తు ఇచ్చే చవకైన మందు అదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు వద్దన్నారు. భారత్ 2011లోనే దేశీయంగా నియంత్రించింది. చైనా మాటలోనూ, ఆ నిపుణుల మాటలోనూ న్యాయముంది. సహకారమంటే అందరూ ఒకే మాట మీద ఉండటమని అనుకునేవారు ఈ వాదనలు చదవాలి.

రసాయనాలను వదిలి నేరస్థుల వైపు చూస్తే, అక్కడ సహకారం నెమ్మదిగా, మొహమాటంగా నడుస్తుంది. 1988 ఒప్పందం 11వ అధికరణం నియంత్రిత బట్వాడాను అనుమతిస్తుంది: సరుకు పట్టుబడినా ఆపకుండా, నిఘాలో ముందుకు పోనిచ్చి అసలు యజమానిని పట్టుకోవడం. మన చట్టంలో 2001 సవరణతో వచ్చిన 50ఏ సెక్షను దీనికే. కాగితం మీద సులువుగా కనిపించే ఈ పనికి దారిలోని ప్రతి దేశమూ ఒప్పుకోవాలి, ఒక్క రేవులో ఒక్క అధికారి ముందే పెట్టె తెరిస్తే అంతా పోతుంది. సాక్ష్యాల కోసం రాసే లేఖల గతి ఇంతకంటే నెమ్మది. హోం శాఖ ద్వారా వెళ్లి, అవతలి కోర్టు చేరి, తిరిగి వచ్చేసరికి నెలలు కాదు, ఏళ్లు గడవవచ్చు.

2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో రెండు కంటైనర్లలో పట్టుబడిన సుమారు 3 టన్నుల హెరాయిన్ గుర్తుండే ఉంటుంది. టాల్క్ రాయి పేరిట అఫ్గానిస్తాన్ నుంచి ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ మీదుగా వచ్చింది. దిగుమతి సంస్థ చిరునామా విజయవాడది కావడంతో మన పత్రికల్లో పెద్ద సంచలనమైంది. నాకు అందులో చిరునామా కంటే తేదీ ముఖ్యంగా తోచింది. అంతకు నెల ముందే, ఆగస్టు 15న, కాబూల్ తాలిబన్ల చేతికి వెళ్లింది. సరుకు ఎక్కడ నింపారు, ఎవరు నింపారు అని అధికారికంగా అడగాలంటే అవతల గుర్తింపు పొందిన ప్రభుత్వం ఉండాలి. ఎన్ని ఒప్పందాలున్నా, జవాబు చెప్పే కుర్చీ ఖాళీగా ఉంటే అవి పనిచేయవు. తర్వాత 2022 ఏప్రిల్‌లో అదే తాలిబన్ గసగసాల సాగును నిషేధించింది. ఐక్యరాజ్యసమితి సర్వే ప్రకారం 2,33,000 హెక్టార్ల సాగు 2023 నాటికి 10,800 హెక్టార్లకు పడిపోయింది. అదే ఏడాది మయన్మార్ ప్రపంచంలో అతిపెద్ద నల్లమందు ఉత్పత్తిదారు అయింది.

సమీపంలోని దేశాలకు ఉమ్మడి భయం ఉంటే సహకారం త్వరగా కుదురుతుందనడానికి మెకాంగ్ నది సాక్ష్యం. 2011 అక్టోబరులో అక్కడ 13 మంది చైనా నావికులు హత్యకు గురయ్యారు. ఆ డిసెంబరు నుంచే చైనా, లావోస్, మయన్మార్, థాయిలాండ్ నదిలో ఉమ్మడి గస్తీ మొదలుపెట్టాయి. నా ఖామ్ అనే ముఠా నాయకుడు లావోస్‌లో దొరికాడు, చైనాకు అప్పగించారు, 2013లో అక్కడ మరణశిక్ష అమలైంది. సమర్థత కావలసినంత ఉంది. కానీ ఇలాంటి సమర్థతకు ఎవరు బాధ్యులన్న ప్రశ్నను 2005 బాలీ కేసు వేసింది. ఆస్ట్రేలియా పోలీసులు ఇచ్చిన సమాచారంతో ఇండోనేసియా తొమ్మిది మంది ఆస్ట్రేలియన్లను హెరాయిన్‌తో పట్టుకుంది. ఇద్దరికి 2015 ఏప్రిల్‌లో మరణశిక్ష అమలు చేసింది. మరణశిక్ష లేని దేశం, అది ఉన్న దేశానికి తన పౌరుల గురించి సమాచారం ఇవ్వవచ్చా? ఒప్పందాల్లో దీనికి జవాబు లేదు. చాలా దేశాల అధికారులు ఇప్పుడు సమాచారం ఇచ్చే ముందు ఈ సంగతి ఆలోచిస్తారు, కొన్నిసార్లు అందుకే ఇవ్వరు.

వియన్నాలో ఒకప్పటి ఏకాభిప్రాయం కూడా చెదిరింది. 2020 డిసెంబరులో గంజాయిని 1961 ఒప్పందంలోని అత్యంత కఠినమైన నాలుగో జాబితా నుంచి తీసివేయడానికి 27 దేశాలు అనుకూలంగా, 25 వ్యతిరేకంగా ఓటేశాయి. భారత్ అనుకూలంగా వేసింది. దీన్ని గంజాయి చట్టబద్ధమైందని మన టీవీలు చెప్పినది తప్పు. కఠినమైన మొదటి జాబితాలో అది ఇంకా ఉంది. రాజకీయ వాదనలు పెరిగినకొద్దీ పెన్ ఆన్‌లైన్ వంటి మౌనంగా నడిచే పనులు మాత్రం ఆగకుండా సాగడం నాకు ఊరట కలిగించే విషయం, ఎందుకంటే అక్కడ పరస్పరం మాట్లాడుకునేది మంత్రులు కారు, గుమాస్తాల స్థాయి అధికారులు.

మీరు ఇప్పుడు చేయదగినది చెబుతాను. మీ కొనుగోలుదారు తన దేశపు అధికారుల నుంచి దిగుమతి అనుమతి తీసుకున్నాడా, దాని మీది పరిమాణం మీ ఇన్వాయిస్‌తో సరిపోతుందా చూడండి. పేరులో, చిరునామాలో ఒక్క అక్షరం తేడా ఉన్నా సరిచేయించి పంపండి, ఎందుకంటే అవతలి అధికారి తన పుస్తకంలోని పేరుతోనే పోల్చి చూస్తాడు. డబ్బు మూడో దేశం నుంచి వస్తున్నా, చివరి నిమిషంలో దిగే రేవు మార్చమన్నా, నాణ్యతా పత్రం అడగకుండా ఎక్కువ ధర ఇస్తానన్నా, సరుకు జాబితాలో లేనిదే అయినా నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరోకు తెలియజేయండి. ఇక జవాబు త్వరగా రావాలంటే ఇక్కడ తిరగడం కంటే మీ కొనుగోలుదారు చేత అక్కడి ఆరోగ్య శాఖలోనో, ఔషధ నియంత్రణ కార్యాలయంలోనో వాకబు చేయించండి. ముందస్తు సమాచారం వెళ్లిన తేదీ, దాని సంఖ్య ఆయన దగ్గర ఉంటే, అక్కడి అధికారికి ఫైలు వెతకడం తేలికవుతుంది.